రాయచూరు ఆటలో రాయలు రెండో టర్న్‌లోనే పోయాడు: అంపైర్ పాచిక తిరగేయొచ్చా?

ఫిరంగి_పంతులు
ముందే ఒప్పేసుకుంటున్నా, తప్పు నాదే కావచ్చు. ఆదివారం క్లబ్‌లో రాయచూరు యుద్ధం, అదే కృష్ణదేవరాయలకీ బీజాపూర్ సుల్తాన్ ఆదిల్ షాకీ జరిగినది, టేబుల్ మీద బొమ్మలతో ఆడాం. 15 ఎం.ఎం. బొమ్మలు, ఆరడుగుల టేబుల్, రెండు వైపులా ముగ్గురేసి, నేను అంపైర్. విజయనగరం సైన్యానికి రంగులు వేయడానికే నాలుగు నెలలు పట్టిందని మీకందరికీ తెలుసు. ఆట మొదలై గంట కూడా కాలేదు, రెండో టర్న్‌లో ఆదిల్ షా ఫిరంగులు పేలాయి, కృష్ణదేవరాయలు ఉన్న బేస్‌కి (ఒక దళం బొమ్మల్ని అంటించిన పలకకి) దెబ్బ తగిలింది, మన రూల్ ప్రకారం రెండు పాచికలు వేస్తే రెండూ ఒకట్లే పడ్డాయి. రాజు పోయాడు. రాజు పోతే సైన్యం మొత్తానికి ధైర్య పరీక్ష (నిలబడతారా, పారిపోతారా అని పాచిక వేయడం), ఆ పరిస్థితిలో అది గట్టెక్కేది కాదు, అంటే ఆట అక్కడితో సరి.

నేను పాచికలు చేత్తో తీసేసి "గాయమే, సాగనివ్వండి" అన్నాను. ఆ తర్వాత మూడు గంటలు ఆడాం, విజయనగరం గెలిచింది, ఫొటోలు బాగా వచ్చాయి. కానీ ఆదిల్ షా వైపు ఆడిన ముగ్గురూ సర్దుకుని వెళ్లేటప్పుడు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నా. అంపైర్‌కి ఆ హక్కు ఉందా లేదా?

ఆరు_పడదు
లేదు.

ఆరు_పడదు
సరే, ఒక్క మాటలో చెబితే కోపంగా ఉన్నాననుకుంటారు, కోపంగానే ఉన్నాను కానీ వివరంగా చెబుతా. నా పేరే ఆరు పడదు. క్లబ్‌లో చేరాక నాకు కావలసిన అంకె కావలసినప్పుడు పడడం ఇదే మొదటిసారి. రాజుని కొట్టాను. మీరు ఆ రెండు పాచికలనీ జేబులో వేసుకున్నారు, అక్షరాలా జేబులోనే పంతులుగారూ, ఆట అయ్యాక అడిగి తీసుకున్నాను. ఆ మూడు గంటలూ నేను బొమ్మలు కదిపాను గానీ ఆడలేదు. ఎలాగూ విజయనగరం గెలవాలని ముందే రాసిపెట్టుకుంటే ఇంక పాచికలెందుకు, బొమ్మల కొలువు పెట్టుకుంటే పోయేది కదా.

ముందుకే_దూకు
రాయల బేస్ కదిపింది నేనే కాబట్టి నా సాక్ష్యం కూడా రాసుకోండి. రాజుని మొదటి వరుసలో పెట్టింది నేను. ఎందుకంటే మన రూల్స్‌లో సేనాపతి ఉన్న వరుసకి ధైర్య పరీక్షలో ఒకటి కలుస్తుంది, ఆ ఒక్క అంకె కోసం రాజుని తీసుకెళ్లి ఫిరంగి మూతి ముందు నిలబెట్టాను. కాబట్టి రాయలు పోయింది పాచిక వల్ల కాదు, నా అత్యాశ వల్ల. అంపైర్ కాపాడింది రాజుని కాదు, నన్ను. థాంక్స్, కానీ అవసరం లేదు.

నత్తనడక
ఇలాంటి అంపైర్ కథల్లో అన్నిటికంటే పేరున్నది మిడ్‌వే రిహార్సల్. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 మేలో, పసిఫిక్‌లోని అమెరికా స్థావరం మిడ్‌వే దీవి మీద చేయబోయే దాడిని జపాన్ నౌకాదళం యమాటో నౌక మీద ముందే టేబుల్ ఆటగా ఆడి చూసుకుంది. ఆటలో శత్రు విమానాలు వచ్చి బాంబులేస్తే పాచికల ప్రకారం తొమ్మిది తగిలాయి, అకాగి, కాగా రెండు విమాన వాహక నౌకలూ మునిగినట్టు లెక్క. అంపైర్‌గా ఉన్న అడ్మిరల్ ఉగాకి తొమ్మిది కాదు, మూడే అన్నాడు. దాంతో అకాగి బతికింది. మునిగిన కాగా కూడా తర్వాతి దశ ఆటలో మళ్లీ తేలింది. జూన్ 4న అసలు యుద్ధంలో ఆ రెండూ, వాటితో పాటు సోర్యూ, హిర్యూ కూడా పోయాయి. పంతులుగారూ, మీరు ఎవరి సరసన కూర్చున్నారో చూసుకోండి 😄

పాత_మ్యాపు
నత్తనడక గారూ, ఆ కథ జపాన్ నౌకాదళ పైలట్ ఫుచిదా చెప్పింది, అందరూ సగమే చెబుతారు. ఆటలో ఆ తొమ్మిది బాంబులు వేసింది నేల మీది స్థావరం నుంచి వచ్చిన విమానాలు. అసలు యుద్ధం రోజు మిడ్‌వే దీవి నుంచి లేచిన విమానాలు జపాన్ వాహక నౌకల మీద ఒక్క బాంబు గానీ టార్పెడో గానీ తగిలించలేకపోయాయి. నౌకల్ని ముంచింది అమెరికా వాహక నౌకల మీది డైవ్ బాంబర్లు. అంటే ఆ తొమ్మిది మరీ ఎక్కువ అని ఉగాకి అనుకోవడంలో తప్పులేదు. తప్పు ఎక్కడంటే, ఆ దెబ్బలు కాకపోయినా "శత్రు వాహక నౌకలు ఇక్కడే పక్కన ఉంటే ఏంటి సంగతి" అని ఆట అడిగిన ప్రశ్నకి జవాబు వెతక్కుండా తర్వాతి దశకి వెళ్లిపోవడం.

అంపైర్‌కి హక్కు ఉందా అంటే, ఈ గొడవ మన క్లబ్ కంటే చాలా పాతది. 1824లో ప్రష్యాలో రైస్విట్జ్ అనే లెఫ్టినెంట్ క్రీగ్స్‌పీల్ (జర్మన్‌లో యుద్ధపు ఆట) రూల్స్ అచ్చువేసినప్పుడు 1:8000 స్కేల్ మ్యాపు, టర్న్‌కి రెండు నిమిషాలు, దెబ్బలకి పట్టికలు, పాచికలు, అన్నీ ఉన్నాయి. తర్వాత ఆఫీసర్లకి ఆ పట్టికలు చూసుకోవడంతోనే సరిపోయేది. 1876లో వెర్డీ దు వెర్న్వా అనే ఆయన పట్టికలన్నీ పక్కన పెట్టేసి, అనుభవం ఉన్న అంపైర్ ఏది సబబో చెబితే చాలన్నాడు. కాబట్టి రెండు పద్ధతులకీ పెద్దలున్నారు. కుదరనిదల్లా ఒక పద్ధతిలో మొదలుపెట్టి, పాచిక నచ్చలేదని మధ్యలో రెండో దాంట్లోకి దూకడం.

ఆరు_పడదు
ఆ చివరి వాక్యం ప్రింట్ తీసి టేబుల్‌కి అంటించాలి.

కొత్తగా_చేరా
నమస్తే అందరికీ, ఆదివారం మూల కుర్చీలో కూర్చుని చూసింది నేనే. చిన్న డౌట్. రెండు ఒకట్లు పడడం 36లో ఒక్కసారే కదా, అంత అరుదైనది జరిగిందంటే దురదృష్టమే అనుకోవాలి కదా, రూల్ తప్పు ఎలా అవుతుంది?

నత్తనడక
తమ్ముడూ, ఒక్కసారి వేస్తే 36లో ఒకటి. కానీ ఆ బేస్‌కి దెబ్బ తగిలినప్పుడల్లా వేస్తాం. రాజు ముందు వరుసలో ఉంటే ఆటంతా కలిపి ఐదుసార్లయినా వేయాల్సి వస్తుంది. అప్పుడు ఒక్కసారైనా రెండు ఒకట్లు పడే అవకాశం 13 శాతం. ఎనిమిది ఆటలాడితే ఒక ఆటలో రాజు పోతాడన్నమాట. మనం ఏడాదికి ఎన్ని ఆటలాడతామో లెక్కేసుకో, అరుదేమీ కాదు.

రంగుల_రంగడు
మీరు రాజు గురించి కొట్టుకుంటున్నారు గానీ ఏనుగుల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఎడమ పక్క నిలబెట్టిన ఆరింటిలో రెండు ఆఫ్రికా ఏనుగులు. ఎవరు తెచ్చారో నాకు తెలుసు, పేరు చెప్పను. చెవులు చేటలంత ఉన్నాయి, నడుం మధ్యలో లోపలికి వంగి ఉంది. మన ఏనుగుకి చెవి చిన్నది, వీపు పైకి గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. ఇంకోటి, దయచేసి నలుపులో తెలుపు కలిపి ఆ సిమెంటు రంగు పూయకండి. గోధుమరంగు కలిసిన బూడిద వేసి, వాష్ ఇచ్చి, అంటే నీళ్లలా పలచటి ముదురు రంగు పారించి, అది పూర్తిగా ఆరాక దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో లేత రంగు పైపైన రాయండి, చర్మం ముడతలు వాటంతటవే లేస్తాయి. చెవి అంచుల మీద, తొండం మొదట్లో చిన్న చిన్న గులాబీ చుక్కలు పెడితే మూడడుగుల దూరం నుంచి కూడా ఆసియా ఏనుగని తెలిసిపోతుంది.

ముందుకే_దూకు
రంగడన్నా, తెచ్చింది నేనే. రాజుని చంపిందీ నేనే, ఆఫ్రికా ఏనుగుల్ని తెచ్చిందీ నేనే. ఈ వారం నాది కాదు.

పాత_మ్యాపు
సరే, రూల్ సంగతికొద్దాం. అసలు ఆ రోజు ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకుంటే మనం ఎక్కడ తప్పామో తెలుస్తుంది. మనకున్న పెద్ద ఆధారం నూనిజ్, పోర్చుగీసు గుర్రాల వ్యాపారి. ఆయన రాసింది యుద్ధం అయిన పదిహేనేళ్లకి అటూ ఇటూగా. ఏడాది 1522 అని వేశాడు, చరిత్రకారుడు సీవెల్ దాన్ని సవరించి 1520 మే 19 అన్నాడు, ఇప్పుడు అందరూ వాడేది అదే. ఆయన చెప్పిన క్రమం ఇది. ఆదిల్ షా కృష్ణ దాటి వచ్చి, నదిని వెనక పెట్టుకుని నిలబడ్డాడు. బలం ఫిరంగుల్లో ఉందని నమ్మాడు. విజయనగరం మొదటి వరుస మీద పడగానే ఫిరంగులన్నీ ఒకేసారి పేల్చించాడు. ఆ దెబ్బకి మొదటి వరుస విరిగి వెనక్కి పరిగెత్తింది, ఆదిల్ షా మనుషులు తరుముకుంటూ వచ్చారు. రాయలు అప్పుడు రెండో వరుసలో ఉన్నాడు. వేలి ఉంగరం తీసి ఒక సేవకుడికిచ్చి, నేను పోతే రాణులకి గుర్తుగా చూపించమన్నాడు. పారిపోయి వస్తున్నవాళ్లని నరకమన్నాడు, గుర్రమెక్కి మిగిలినవాళ్లతో ముందుకి దూకాడు. తరుముకుంటూ వచ్చినవాళ్లు చెల్లాచెదురై ఉన్నారు, తిరిగి నదిదాకా తోసుకుపోయారు, నదిలో పడి పోయినవాళ్లు లెక్కలేనంతమంది.

దీన్లో మన రూల్స్‌లో లేనివి రెండున్నాయి. ఒకటి, పేలిన ఫిరంగి మళ్లీ నింపుకోవడానికి పట్టే సమయం. మన టేబుల్ మీద ప్రతి టర్న్ పేలుతుంది, ఏదో మెషిన్ గన్ లాగ. రెండోది, ఆ ఉంగరం.

ఆరు_పడదు
ఫిరంగుల సంగతి ఒప్పుకుంటా, అయినా నూనిజ్‌ని మరీ నమ్మేయకండి. విజయనగరం కాల్బలం ఏడు లక్షల మూడు వేలు అంటాడాయన. ఒక బేస్ అంటే ఐదు వేల మంది అనుకున్నా 140 బేస్‌లు కావాలి. బేస్‌కి 4 సెం.మీ. చొప్పున పక్కపక్కన పేరిస్తే 560 సెం.మీ., మన టేబుల్ 180. అంటే కాల్బలమే మూడు వరుసలు దాటిపోతుంది, గుర్రాలకీ ఏనుగులకీ చోటుండదు, రంగడన్న చేతులు పడిపోతాయి. ఆ అంకెలు రాజుల గొప్ప చెప్పుకునే అంకెలు.

పాత_మ్యాపు
అంకెలు నేనూ నమ్మను. అందుకే తలలు లెక్కపెట్టకుండా నిష్పత్తి పెట్టుకున్నాం కదా, విజయనగరానికి మూడు బేస్‌లుంటే ఆదిల్ షాకి రెండు, మిగతా తేడా ఫిరంగులు పూడుస్తాయి. క్రమం మాత్రం నమ్ముతాను. గుర్రాలమ్ముకునేవాడికి తలలు లెక్కపెట్టడం రాకపోవచ్చు, ఎవరు ముందు పారిపోయారో మాత్రం అందరూ గుర్తుపెట్టుకుంటారు.

ఫిరంగి_పంతులు
రెండు రాత్రులు కూర్చుని రాశాను, చదివి తిట్టండి.

ఫిరంగులు: ఆదిల్ షాకి ఆరు ఫిరంగి బేస్‌లు. ఆటగాడు ప్రతి టర్న్ ముందు రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి. సగం పేలిస్తే మూడు ఫిరంగులకి తలా ఒక పాచిక, మిగతా మూడు నిండే ఉంటాయి, వచ్చే టర్న్ అవి పేలతాయి, అలా మార్చి మార్చి నడుస్తుంది. అన్నీ ఒకేసారి పేలిస్తే ఆరింటికీ తలా రెండు పాచికలు, అంటే పన్నెండు, తగిలిన కాల్బలం ధైర్య పరీక్షలో రెండు తగ్గుతుంది, కానీ ఆ తర్వాత మూడు టర్న్‌లు ఆరూ ఖాళీ. ఖాళీ ఫిరంగి ముందు పొగ పెడతాం. పొగకి దూదే. కాస్త లాగి వదులు చేసి, అడుగున బూడిదరంగు తాకిస్తే చాలు, ఉండ చుట్టొద్దు, ఉండ చుడితే ఐస్‌క్రీమ్ లాగుంటుంది.

ఉంగరం: రాజు రెండో వరుసలో మొదలవుతాడు, అక్కడున్నంతసేపూ ఫిరంగి దెబ్బకి చావడు, పరీక్షే లేదు. ఆటలో ఒక్కసారి రాయల ఆటగాడు ఉంగరం ఇవ్వొచ్చు. సన్న రాగి తీగ చుట్టి ఒక చిన్న ఉంగరం చేశాను, నిజంగానే చేశాను, దాన్ని సేవకుడి బొమ్మ ముందు పెట్టాలి. అప్పుడు రాజుకి 20 సెం.మీ. లోపు పారిపోతున్న బేస్‌లన్నీ నిలబడతాయి, రాజుతో కలిసి దూకేవాటికి ఆ టర్న్ ఒకటి కలుస్తుంది. కానీ ఆ క్షణం నుంచి రాజు ముందు వరుసలోనే ఉండాలి, రెండు ఒకట్లు పడితే రాజు పోయాడు, ఆట అయిపోయింది. అంపైర్ ఆ పాచికల్ని ముట్టుకోడు. రాసిచ్చేస్తున్నా.

ముందుకే_దూకు
పంతులుగారూ ఇది బాగుంది. చావుకి ముందే సంతకం పెట్టించుకుంటున్నారన్నమాట.

ఆరు_పడదు
రూల్ న్యాయంగానే ఉంది, ఒక్క అభ్యంతరం. మూడు టర్న్‌లు ఖాళీ అవుతాయని తెలిశాక ఏ పిచ్చివాడు అన్నీ ఒకేసారి పేలుస్తాడు? నేనైతే ఆట చివరిదాకా సగం సగం పేల్చుకుంటా. అప్పుడు మీరు కోరుకునే రాయచూరు టేబుల్ మీదికి రానే రాదు.

పాత_మ్యాపు
రాకపోతే రాకపోనీ. జరిగిందే మళ్లీ జరగాలంటే పుస్తకం చదువుకోవచ్చు. జరిగినది ఎందుకు సాధ్యమైందో తెలిస్తే చాలు.

నత్తనడక
పొగ పెడితే అవతలివాడికి అంతా తెలిసిపోతుంది కదా, ఏ ఫిరంగి ఖాళీయో. 1942లో లివర్‌పూల్‌లో కెప్టెన్ రాబర్ట్స్, ఆయనతో పనిచేసిన రెన్స్ (బ్రిటిష్ నౌకాదళ మహిళా విభాగం) మహిళలు జలాంతర్గాములతో పోరు నేర్పడానికి నేల మీద సుద్దతో గీసి ఆడించేవాళ్లు. ఆటగాళ్లని తెర వెనక కూర్చోబెట్టి, తెరకున్న చిన్న సందులోంచి మాత్రమే చూడనిచ్చేవాళ్లు, ఎందుకంటే ఓడ మీద కెప్టెన్‌కి కనిపించేది అంతే. మనం తెర కట్టలేం గానీ ఫిరంగి బేస్ కింద పూస పెట్టొచ్చు. నల్లపూస ఉంటే నిండింది, తెల్లపూస ఉంటే ఖాళీ. పొగ రెండింటి ముందూ ఉంచండి. పొగలో ఎవడికి తెలుస్తుంది?

ఫిరంగి_పంతులు
పూసలు ఓకే. చేర్చేశాను.

కొత్తగా_చేరా
నేనూ ఆడొచ్చా? నాకు ఒక బొమ్మ కూడా లేదు. మొన్న ఒక ప్యాకెట్ తెచ్చి రంగు వేస్తే ముఖాలన్నీ మైనం కరిగినట్టు వచ్చాయి. రంగు గట్టిగా ఉండాలని డబ్బాలోంచి తీసి నేరుగా వేశాను.

రంగుల_రంగడు
అదే తప్పు. రంగు పాలలా ఉండాలి, పెరుగులా కాదు. ముందు ప్రైమర్, అదే రంగు పట్టుకోవడానికి వేసే మొదటి పూత, కొట్టావా లేదా? కొట్టకపోతే వేలు తగిలినచోటల్లా రాలుతుంది. పలచగా రెండుసార్లు వేయి, మధ్యలో ఆరనివ్వు. 15 ఎం.ఎం. ముఖానికి కళ్లు గీయొద్దు, ఎవరు గీసినా గుడ్లగూబల్లా వస్తాయి, కళ్ల గుంటల్లో వాష్ దిగితే చాలు. బేస్ మీద తెల్ల జిగురు రాసి ఇసుక చల్లు, సగం బొమ్మ అందం బేస్‌లోనే ఉంటుంది. ఆ మైనం ముఖాల్ని పారేయకు, ఆదిల్ షా వెనక వరుసలో నిలబెడదాం, ఎలాగూ నదిలోకే పోతారు.

ఆరు_పడదు
విన్నాను.

ఫిరంగి_పంతులు
రెండో ఆట రిపోర్టు. కొత్తగా చేరిన తమ్ముడు నా పక్కన కూర్చుని పాచికలు లెక్కపెట్టాడు, నేను చేతులు కట్టుకుని కూర్చున్నా, అందరూ చూశారు. మొదటి రెండు టర్న్‌లు ఆదిల్ షా వైపు చెప్పినట్టే సగం సగం పేల్చారు. విజయనగరం మొదటి వరుస మెల్లగా అరుగుతోంది గానీ విరగలేదు. మూడో టర్న్‌లో ఏనుగులు ముందుకొచ్చాయి, ఆరూ ఆసియావే, రంగడు పరీక్షించి పంపాడు. ఇక మిగతాది ఆడినవాళ్లే చెబితే బాగుంటుంది.

ఆరు_పడదు
చెబుతా. మూడో టర్న్‌లో నాలుగు కాల్బలం బేస్‌లు, వాటి వెనక ఏనుగులు, అన్నీ నా ఫిరంగులకి ఎదురుగా చేయి చాపితే అందేంత దూరంలో గుంపుగా వచ్చి నిలబడ్డాయి. మార్చి మార్చి పేలిస్తే మూడు పాచికలు. అన్నీ పేలిస్తే పన్నెండు. నాకు రూల్ తెలుసు. ఆ రూల్ మీద ఈ థ్రెడ్‌లో వాదించింది కూడా నేనే. పక్కనున్న ఇద్దరూ వద్దన్నారు. "అన్నీ" అన్నాను. పన్నెండులో ఏడు తగిలాయి, మొదటి వరుస మొత్తం విరిగి వెనక్కి పోయింది, నా గుర్రాలు తరమడానికి వెళ్లాయి, అది కూడా నేనే పంపాను. కింద ఆరు తెల్లపూసలు. అప్పుడు అవతలివాడు జేబులోంచి ఉంగరం తీశాడు.

ముందుకే_దూకు
అప్పుడు ఆరు_పడదు గారి ముఖానికి ఫొటో తీయాల్సింది. ఉంగరం పెట్టాను, మూడు బేస్‌లు నిలబడ్డాయి, రాజుతో దూకాను. నాలుగో టర్న్‌లో రాజు బేస్‌కి దెబ్బ తగిలింది, రెండు పాచికలు వేశారు. ఒకటి టేబుల్ మీద పడి ఒకటి చూపించింది. రెండోది దొర్లి దొర్లి టేబుల్ కింద పడింది. ఎవరూ ఊపిరి తీసుకోలేదు. పంతులుగారు కుర్చీలోంచి కదల్లేదు, మాటిచ్చారు కదా. తమ్ముడే వంగి చూశాడు.

కొత్తగా_చేరా
నాలుగు.

ఆరు_పడదు
టేబుల్ కింద పడింది లెక్కలోకి రాదని, మళ్లీ వేయాలని నేను అడగొచ్చు. అడగలేదు. రాసిపెట్టుకోండి. ఆరో టర్న్‌కి నా సైన్యం సగం నదిలో ఉంది, మైనం ముఖాలవాళ్లు అందరికంటే ముందు.

పాత_మ్యాపు
వచ్చే నెల కోట ముట్టడి పెడదాం. ఫిగరెదో అనే పోర్చుగీసు ఇరవై మంది తుపాకీవాళ్లతో వచ్చి గోడల మీదివాళ్లని ఏరి ఏరి కొట్టించాడని నూనిజే రాశాడు, కోట అధిపతి కూడా నుదుటి మీద గుండు తగిలి పోయాడట. ఒక్క బేస్ తుపాకీవాళ్లకి ఏ రూల్ పెట్టాలో ఇప్పటి నుంచే కొట్టుకుందాం. గోడలు ఎవరు చేస్తారు?

రంగుల_రంగడు
థర్మాకోల్ అయితే నేను చేయను, ప్రైమర్ స్ప్రే పడితే కరిగిపోతుంది. అట్టతో చేస్తా. రాళ్ల గీతలకి పాత బాల్‌పెన్ను చాలు.

ఫిరంగి_పంతులు
సరే రంగా, గోడలు నీవి. ఇంకోటి, రాగి ఉంగరం కనిపించడం లేదు. సర్దేటప్పుడు దూదితో పాటు ఎవరి పెట్టెలోకైనా వెళ్లిందేమో చూడండి, ఆదిల్ షా వైపువాళ్లు ముఖ్యంగా.

ఆరు_పడదు
నా దగ్గరుంది. వచ్చే నెల ఇస్తా.